శెనక్కాయ విత్తనమంత జాతిది

ఆ రోజుల్లో ఫోను అందరి చేతుల్లోనూ ఉండేది, సిగ్నలు మాత్రం ఊరికొక్క చోటే ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు ఆ చోటెక్కడో కనుక్కోవాలి, అక్కడికి పోయి నిలబడాలి, ఒక చెవి మూసుకుని గొంతు చించుకోవాలి. అలా అరిచిన మాటల్లో రహస్యమనేది ఉండదు. ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, ఎవరి గొర్రెకు జ్వరమొచ్చిందో ఆ చుట్టుపక్కల కూర్చున్న వాళ్ళకందరికీ తెలిసిపోయేది. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారే గొప్ప ఐశ్వర్యవంతురాలినయ్యాను. ఒక శుక్రవారం మొదలై ఆదివారానికల్లా ముగిసిపోయిన ఆ వైభోగం కూడా ఆ సిగ్నలు పుణ్యమే.

అప్పుడే జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, కర్నూల్లో ఒక మేడం దగ్గర తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. ఉద్యోగమేమిటని అడిగిన వాళ్ళకు తలతిప్పుకుని జవాబు చెప్పేదాన్ని, ఎందుకంటే అది సాలీడును వెతికే ఉద్యోగం. గోడల మూలల్లో గూళ్ళు అల్లుకునే మామూలు సాలీడైతే మా హాస్టల్ గదిలోనే వెతుక్కునేదాన్ని. మాకు కావలసింది నేలలో కాపురముండేది. మెట్టనేలలో బొరియ తవ్వుకుని, లోపల గోడలకంతా పట్టు పరుచుకుని, పైన మట్టితో పావలా బిళ్ళంత మూత చేసుకుని, ఆ మూతకు పట్టుతోనే మడతబందు బిగించుకుని, తలుపేసుకుని కూర్చుంటుంది. పొద్దు వాలితే మూత కొంచెమెత్తి వీధిలోకి చూస్తుంది. దారిన పోయే పురుగేదైనా గుమ్మం ముందుకొస్తే లటుక్కున లోపలికి లాగి మళ్ళీ తలుపేసుకుంటుంది. (పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇంత పొందికైన ఇల్లు నాకు కుదరలేదు.) మూత వేసి ఉంటే మాత్రం అదీ నేలా ఒకటే. పక్కనే కాలు పెట్టినా తెలియదు. దాన్ని కనిపెట్టాలంటే మోకాళ్ళ మీద వంగి, ముక్కు మట్టికి ఆనించి, అంగుళం అంగుళం పాకాల్సిందే.

అలా పాకి పాకి నా మోకాళ్ళు కాయలు కాశాయి గాని, ఒక్కటీ దొరకలేదు. ఖాళీ బొరియలు దొరికాయి, విరిగిన మూతలు దొరికాయి. నెలాఖరులోగా బతికున్నదొకటి చూపించకపోతే ప్రాజెక్టు ఆపేస్తారని మేడం చెప్పేసింది. ప్రాజెక్టు ఆగితే నేనెక్కడికి పోవాలో మా నాన్న అప్పటికే నిర్ణయించి పెట్టాడు. ఆయనకు మైదుకూరులో పురుగుల మందుల అంగడి. ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట: "అంగట్లో కుర్చీ ఖాళీగానే ఉండాది పాపా. పురుగుల గురించి నీకు తెలిసినంత ఇంకెవురికి తెలుసు? వచ్చి కూసో." ఆయన ఎగతాళికి అనేవాడు కాదు, నిజంగానే ఆశపడేవాడు. నాకేమో కలలో కూడా ఆ అంగడి వాసనే వచ్చేది. బతికించి చూడాలని చదువుకున్న వాటిని చంపే డబ్బాలు అమ్ముకుంటూ బతకడం నావల్లయ్యే పని కాదు.

ఆఖరి ప్రయత్నంగా డోన్ అవతల మా పెద్దమ్మ ఊరికి వచ్చాను. అది ఎర్రనేల, కంకరనేల, తొలివాన పడి ఉంది. పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్న డోన్ రైల్వేలో పనిచేస్తూ వారానికోసారి ఇంటికొచ్చేవాడు, కాబట్టి ఇంటికీ పొలానికీ ఆమే దొర. పోట్లాడే ఎద్దులు ఎదురొచ్చినా పక్కకు జరగని మనిషి, సాలీడు కనబడితే మంచమెక్కి నిలబడేది. అందుకని ఆమెకు నా ఉద్యోగం సంగతి చెప్పలేదు. "భూమి మీద పరిశోధన" అన్నాను. అబద్ధం కాదు గదా, భూమి మీదే గదా పాకుతున్నాను. పెద్దమ్మ తృప్తిగా తలూపి, "మంచి పనేలే, భూమిని నమ్ముకున్నోళ్ళు యాడా చెడిపోలే" అంది.

ఆ ఊళ్ళో మొదటిరోజు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. వేరే ఊళ్ళలో నేను పొలాల్లో పాకుతుంటే జనం గుమిగూడేవాళ్ళు. "చెవి కమ్మ పడిపోయిందా పాపా" అనో, "కండ్లు తిరిగినాయా" అనో అడిగి ప్రాణం తీసేవాళ్ళు. ఇక్కడ పొలానికి పోయి చూద్దును గదా, నాకంటే ముందే ఊరు ఊరంతా తలలు వంచుకుని, మోకాళ్ళ మీద, అచ్చం నా మాదిరే వెతుకుతోంది. తొలివానకు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలుతాయి, వాటిలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి వజ్రం దొరుకుతుంది. మా కర్నూలు వైపు మెట్టఊళ్ళలో విత్తనం వేసే ముందు ఇదొక పండగ. సద్దిమూట కట్టుకుని మరీ వస్తారు. దీనికి కొన్ని మర్యాదలున్నాయి. ఒకరి ముందు ఒకరు దూరి వెతకకూడదు. వజ్రం అనే మాట నోటితో అనకూడదు, రాయి అనాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, దొరికిన వాళ్ళను ఏం దొరికిందని అడగకూడదు. దొరికిన వాళ్ళు కూడా దొరికిందని అరవరు, నోరు మూసుకుని నెమ్మదిగా లేచి, కొంగు దులుపుకుని ఇంటికి పోతారు.

ఈ మర్యాదలు నాకెవరూ చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం, పెద్దమ్మ చేని గట్టు వారన, నా ముక్కు కింద నేల కొంచెం కదిలింది. ఊపిరి బిగబట్టి పిన్నీసు కొనతో అక్కడ మీటాను. మూత అంచు లేచింది. లేచీ లేవగానే లోపలి నుంచి ఎవరో గట్టిగా తలుపు లాగి పట్టుకున్నారు. నేను పైకి లాగుతాను, అది కిందికి లాగుతుంది. అంత చిన్న ప్రాణి నాతో పెనుగులాడుతుంటే నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "రా తల్లీ, నిన్నేం చెయ్యను, రా" అని బతిమాలుకుంటూ చుట్టూ మట్టి తవ్వి, బొరియ బొరియంతా పెకలించి, మూతకు చిల్లులు పొడిచిన తెల్లడబ్బాలోకి దించాను. అది ఒళ్ళంతా ముదురు గోధుమరంగుతో నిగనిగలాడుతూ, ముందుకాళ్ళు రెండూ పైకెత్తి నామీద కోపం చూపించి, గబుక్కున మట్టిలో దూరింది. నేను పైకి లేచి, ఆకాశం కేసి చూసి, ఉన్న బలమంతా పెట్టి "దొరికింది" అని అరిచాను.

చేలో చేతులన్నీ ఆగిపోయాయి. ఒక్కరూ తలెత్తలేదు. నేనేమో ఆ సంతోషంలో ఇదేమీ పట్టించుకోకుండా డబ్బా చున్నీలో చుట్టుకుని ఊళ్ళోకి పరుగెత్తాను.

ఊళ్ళో సిగ్నలు దొరికేది చర్చి అరుగు మీద. మా వాళ్ళ తాతల నాటి చర్చి అది, రాతిగోడలు గట్టివే గాని పైరేకులు తుప్పుపట్టి వానొస్తే జల్లెడయ్యేవి. ఆ అరుగు మీద సాయంత్రాలు ఊరి పెద్దవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ మధ్యలో భూతద్దం తాత. దర్గా పక్కిల్లు ఆయనది. ఎవరికి ఏ రాయి దొరికినా ముందు ఈయన దగ్గరికే తెస్తారు. జేబులోంచి భూతద్దం తీసి, ఊది, తుడిచి, చూసి, "జాతిది కాదు బేటా" అని వెనక్కి ఇచ్చేస్తాడు. జాతిది అంటే అసలుసిసలు రాయి అని. నాకు తెలిసి ఆయన నోట "జాతిది" అన్న మాట ఆ ఊరు ఎన్నడూ విని ఎరగదు, "కాదు" అన్నదే ఎప్పుడూ వింటూ ఉంటుంది. ఆయన పక్కనే నిలబడి, ఒక చెవి మూసుకుని, నేను మేడంతో మాట్లాడిన మాటలు ఇప్పటికీ పెదనాన్న పొల్లుపోకుండా అప్పజెబుతాడు (ఆయన అప్పుడు డోన్ లో ఉన్నాడు, అయినా సరే). అవతల మేడం మాటలు ఎవరికీ వినబడవు గనక ఊరు విన్నది ఇంతే:

"దొరికింది మేడం. అవును, పెద్దమ్మ చేలోనే. శెనక్కాయ విత్తనమంత ఉంది. నిగనిగా మెరుస్తోంది. జాతా? కొత్త జాతే అనిపిస్తోంది మేడం, మీరు చూసి చెప్పాలి. ఆడదే మేడం, సందేహం లేదు. లేదు, ఎవరికీ చూపించలేదు, డబ్బా తెరవను. బస్సులో తీసుకురావద్దా? ఆదివారం మీరే కారులో వస్తారా? అలాగే మేడం, ప్రాణం పెట్టి చూసుకుంటాను."

ఫోను పెట్టేసి తిరిగేసరికి అరుగు మీద వాళ్ళంతా లేచి నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ళు నాకు లేచి నిలబడటమేమిటో అర్థంకాక నమస్కారం పెట్టి వచ్చేశాను. నా వెనక ఎవరో, "ఆడది అంటాండాదే, రాళ్ళల్లో ఆడవి మగవి ఉంటాయా?" అని గుసగుసగా అడగడం, భూతద్దం తాత గంభీరంగా "ఎందుకుండవు, పాతకాలపోళ్ళు అట్లే చెప్తాండ్రి" అనడం వినబడ్డాయి. వేరే ఏదో మాట్లాడుకుంటున్నారనుకున్నాను. చదువుకున్న వాళ్ళకు తమ గురించి జనం మాట్లాడుకుంటారన్న ఊహ ఆలస్యంగా వస్తుంది.

మరుసటిరోజు పొద్దున్నుంచి పెద్దమ్మ ఇంటి గుమ్మం ఖాళీగా లేదు. ఒకావిడ నాటుకోడి తెచ్చింది, ఒకావిడ నెయ్యి తెచ్చింది. అంతవరకూ నన్ను పేరు పెట్టి పిలిచిన పక్కింటాయన "ఏమ్మా, బాగుండావా తల్లీ" అన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ వచ్చి, కూర్చుని, డబ్బా పెట్టిన గూట్లోకి ఒకసారి భక్తిగా చూసి, మంచినీళ్ళు తాగి పోయారు. భూతద్దం తాత వచ్చి దూరం నుంచే చూసి, "చిల్లులు పొడిచి మంచిపని చేసినావు బేటీ. అట్లాంటివాటికి గాలి తగలాల" అన్నాడు. ఈ ముసలాయనకు జీవశాస్త్రం ఎంత తెలుసునో అని నేను ముచ్చటపడ్డాను.

పెద్దమ్మ సంగతి మరీ విడ్డూరం. నిన్నటిదాకా "మట్టి కాళ్ళతో లోపలికి రావాకు" అని కసిరిన మనిషి, కొసరి కొసరి వడ్డించి, నేను తింటుంటే పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. నేను ఒక చిన్న మిడతను పట్టుకొచ్చి డబ్బాలో వేస్తుంటే మాత్రం చూసి ఆగిపోయింది.

"దానికి మిడతెందుకు పాపా?"

"ఉంటే మంచిది పెద్దమ్మా" అన్నాను, ఇంతకంటే చెబితే మంచమెక్కుతుందని.

పెద్దమ్మ తలూపింది. "నువ్వు చదువుకున్నెదానివి, నీకు తెలుసులే. జాతిదేనా అది?"

పెద్దమ్మకు నా ఉద్యోగం తెలిసిపోయిందనీ, తెలిసినా మంచమెక్కకుండా నాకోసం ధైర్యం తెచ్చుకుందనీ అనుకున్నాను. "జాతిదే పెద్దమ్మా" అన్నాను. ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని చెరొక కారణానికి హాయిగా ఏడ్చాం.

ఆదివారం ఆరాధనకు వెళ్ళేసరికి చర్చి నిండిపోయి, మా మతం కాని వాళ్ళు కూడా గుమ్మాల దగ్గర నిలబడి ఉన్నారు. భూతద్దం తాత ఉతికిన చొక్కా వేసుకుని పక్కతలుపు దగ్గర, మా బెంచీ కొసన నిలుచున్నాడు. పాటలయ్యాయి. సాక్ష్యాలు చెప్పుకునే సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలును నలుగురి ముందూ లేచి చెప్పుకోవడం మా చర్చిలో ఆనవాయితీ. పెద్దమ్మ ప్రతి ఆదివారం లేస్తుంది, ప్రతి ఆదివారం తన మోకాలి నొప్పి గురించే చెబుతుంది. ఆరోజు లేచి, కొంగు నిండుగా కప్పుకుని ఇలా అంది.

"ఈ పొద్దు నా మోకాలు గురించి చెప్పను. నా చెల్లెలి బిడ్డకు దేవుడు నా చేలోనే దొరికిచ్చినాడు. శెనక్కాయ విత్తనమంతది. జాతిది. ఈ మందిరానికి కొత్త రేకులు ఏపిస్తానని ఎన్నేండ్లుగానో మొక్కుకోని ఉండా. దేవుడు విన్యాడు. అయ్యగారూ, మీ చేత్తో దీని మీద ప్రార్థన చేయండి."

సంచిలోంచి నా తెల్లడబ్బా తీసింది. అయ్యగారి ముందున్న బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద పెట్టి, నేను లేచేలోపే మూత తీసేసింది. "కడగలేదింకా, మట్టితోనే ఉండాది" అని అందరికీ క్షమాపణ చెప్పుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పుడు తెలిసింది నాకు. కోడి, నెయ్యి, లేచి నిలబడిన పెద్దలు, విసనకర్ర, అన్నీ ఒక్కసారిగా వరుసలో నిలబడి నన్ను చూసి నవ్వాయి. నోరు తెరవబోయాను. పాస్టరు అయ్యగారు "కండ్లు మూసుకుందాం" అనేశాడు.

మా అయ్యగారు మంచి మనిషి, కానీ ప్రార్థన మొదలుపెడితే ఊళ్ళో ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించిగాని వదలడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన మధ్యలో మాట్లాడటమనేది మా ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకు చేతకాని పని, నాలుక పైకి లేవదు. కళ్ళు తెరుచుకుని ఉన్నది ఇద్దరమే, భయంతో నేను, కళ్ళు మూసుకోవాలని తెలియక తాత. మా ఇద్దరి కళ్ళ ముందే డబ్బా అంచు మీద మొదట ఒక కాలు కనబడింది, తర్వాత రెండోది. సాలీడు తాపీగా డబ్బా దిగి, తెల్లగుడ్డ మీద నాలుగడుగులు వేసి, గాలి వాసన చూసినట్టు ఆగి, అయ్యగారు బల్ల మీద ఆనించిన చేతి వైపు బయల్దేరింది. ఆయన విదిలిస్తే అది చచ్చినట్టే. అది చస్తే మైదుకూరు అంగట్లో కుర్చీ నాదే.

తాత నా వైపు వంగి, ప్రార్థనకు భంగం కలగకుండా మెల్లగా అన్నాడు. "బేటీ, నీ రాయి నడుస్తాండాది."

నేను బెంచీల మధ్యన నేల మీదికి జారాను. అన్నాళ్ళూ చేలల్లో పాకిన అభ్యాసం ఎందుకు పనికొస్తుందా అని బాధపడేదాన్ని, ఆరోజు చప్పుడు కాకుండా బల్ల దాకా పాకడానికి పనికొచ్చింది. చేతికి డబ్బా అందలేదు. అందింది కానుకల సంచి. ముఖమల్ గుడ్డతో కుట్టి, కర్రపిడి తగిలించి, బెంచీల వెంట తిప్పే ఎర్రసంచి, ఇంకా ఖాళీగానే ఉంది. దాని నోరు సాలీడుకు ఎదురుగా పెట్టాను. అది ఆగింది. లోపల చీకటి, మెత్తటి గోడలు, ఇరుకుదారి. ఇంటిని పోగొట్టుకుని తిరుగుతున్న ప్రాణికి ఇంకేం కావాలి. ఒక్కసారి ముందుకాలితో తడిమి చూసి, గృహప్రవేశం చేసింది. సంచి మూతి గట్టిగా పిడికిట పట్టుకున్నాను. అదే క్షణంలో అయ్యగారు "ఆమెన్" అన్నాడు.

అందరూ కళ్ళు తెరిచి చూసినదేమిటంటే, ఖాళీ డబ్బా, బల్ల ముందు మోకాళ్ళ మీద నేను, గుండెలకు హత్తుకున్న కానుకల సంచి. పిల్ల మొత్తం దేవుడికే ఇచ్చేసిందని అర్థమైపోయింది వాళ్ళకు. "స్తోత్రం, స్తోత్రం" అని గోడలు మోగాయి. పెద్దమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. అయ్యగారి కళ్ళు కూడా చెమర్చాయి. ఆయన సంచి కోసం చేయి చాపాడు. నేను ఇవ్వలేదు. ఆయన మృదువుగా లాగాడు. నేను గట్టిగా లాగాను. (రెండు రోజుల కిందట ఆ మూతను లోపలి నుంచి పట్టుకున్న దాని బాధ ఎలాంటిదో అప్పుడు తెలిసింది.)

"ఇచ్చినాక మళ్ళా వెనక్కి తీసుకోగూడదమ్మా" అన్నాడాయన.

"అయ్యగారూ, చెయ్యి పెట్టొద్దండి. అందులో ఉండేది సాలీడు" అన్నాను.

పెద్దమ్మ ఏడుపు ఆపింది. సంచిని చూసింది, నన్ను చూసింది, మోకాలి నొప్పి మరిచిపోయి ఎగిరి బెంచీ ఎక్కి నిలబడింది. అక్కడి నుంచే అడిగింది. "అయితే నా గూట్లో పెట్టుకోని నేను పూటపూటకూ దండం పెట్టుకున్యెది సాలెపురుక్కా?"

మొదట నవ్వింది ఎవరో చెప్పలేను, అయ్యగారేనని నా అనుమానం. ఆ తర్వాత చర్చి చర్చంతా బెంచీలు పట్టుకుని నవ్వింది. సరిగ్గా అప్పుడు కారు ఆగిన చప్పుడైంది. మేడం గుమ్మంలో నిలబడి, ఇంతమంది ఎందుకున్నారో, నేను మోకాళ్ళ మీద ఎందుకున్నానో ఏమీ అడగకుండా, "బతికే ఉందా?" అంది. తాత తన భూతద్దం తీసి, ఊది, తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు. మేడం సంచి మూతిలోంచి చాలాసేపు చూసింది.

"జాతిదేనామ్మా?" అని తాత అడిగాడు.

"కొత్త జాతే కావచ్చు తాతా" అంది మేడం.

తాత ఊరివైపు తిరిగి, జీవితంలో మొదటిసారి, "కాదు" అన్న మాట తగిలించకుండా చెప్పాడు. "విన్యారా. జాతిదే."

అది కొత్త జాతి కాదని, ఎప్పుడో ఎవరో గుర్తించి వదిలేసినదేనని తర్వాత తేలింది. అయినా బతికున్నది కళ్ళబడి చాలాకాలమైందట, ప్రాజెక్టు ఆగలేదు. నేను అంగట్లో కూర్చోలేదు. ఆ తర్వాత వచ్చిన మొదటి జీతంతో చర్చికి ఒక్క రేకు కొనిచ్చాను, ఒక్కటే కొనగలిగాను. మిగతావి నెమ్మది మీద ఊరంతా కలిసి వేసుకున్నారు. నేనిచ్చినదాన్ని మాత్రం ఈరోజుకీ "సాలీడు రేకు" అంటారు. పెద్దమ్మ దాన్ని పట్టుబట్టి తను కూర్చునే చోటికి సరిగ్గా పైన వేయించుకుంది. సాక్ష్యం తప్పయిందని ఎవరైనా ఆటపట్టిస్తే ఆమె ఒప్పుకోదు. "నేను రాయి అన్యానా? దొరికిందన్యా. దొరికింది గదా" అంటుంది.

ఇప్పుడు ఆ ఊళ్ళో వంటింట్లో కూడా సిగ్నలు వస్తుంది. తొలివాన పడిందంటే పెద్దమ్మ నాకు ఫోను చేసి, చేని గట్టున మూతలు లేస్తున్నాయని చెబుతుంది. వజ్రాలకొచ్చే వాళ్ళను ఆ గట్టు తొక్కనివ్వదట. చూడటానికి మాత్రం తను పోదు, దూరం నుంచే కాపలా. మొన్న ఒక ఆదివారం నేనూ పోయి ఆమె పక్కన కూర్చున్నాను. బయట సన్నగా వాన. చర్చిలో ఎక్కడా చుక్క పడటం లేదు, మా ఇద్దరి మీద తప్ప. అన్ని రేకులూ బాగానే ఉన్నాయి, కారేది సాలీడు రేకు ఒక్కటే. నెరిసిన నా పాపట్లో ఒక చుక్క పడి, జారి, కళ్ళద్దాల మీదికొచ్చింది. ఈ ముఖంతోనేనా ఒకప్పుడు నేను చేను మధ్యన నిలబడి ఆకాశానికి వినబడేలా అరిచాను అనుకుంటే నవ్వొచ్చింది. అయ్యగారు కండ్లు మూసుకుందాం అన్నాడు.

"కొంచెం పక్కకు జరుగుదామా పెద్దమ్మా" అని గుసగుసగా అడిగాను.

"ఏంటికి? మనదే గదా" అంది పెద్దమ్మ, కళ్ళు మూసుకునే.